సిరామిక్ మీద గ్రాఫైట్ పూత: చిప్ వేడి ఎటు పోతుంది, ఎంత పోతుంది

గ్రాఫైట్ రాగి కంటే నాలుగు రెట్లు బాగా వేడిని మోస్తుంది, కాబట్టి సిరామిక్ పలక మీద దాన్ని పూతగా వేస్తే చిప్ చల్లబడిపోతుంది అనే మాట ఈ మధ్య చాలా చోట్ల కనిపిస్తోంది. అందులో చెప్పే అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకె ఏ దిశకు చెందినది, పూత ఎంత మందం ఉంది, కింద ఉన్న సిరామిక్ ఏది అని అడగకుండా ముందుకు పోతే డబ్బు ఖర్చవుతుంది, చిప్ మాత్రం అంతే వేడిగా ఉంటుంది. గ్రాఫైట్ పూత కొన్ని చోట్ల నిజంగా గొప్ప పని చేస్తుంది, కొన్ని చోట్ల దాదాపు ఏమీ చేయదు. ఏది ఎక్కడో తేల్చడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, ఒక గుణకారం చాలు. దాని దగ్గరికి వెళ్లే ముందు అసలు సిరామిక్ ఎందుకు వాడుతున్నారో చూద్దాం.

చిప్ కింద నేరుగా రాగి పలక పెట్టేస్తే వేడి హాయిగా పోతుంది కదా అనిపిస్తుంది. పోతుంది, దాంతో పాటు కరెంటూ పోతుంది. ఎలక్ట్రిక్ కారు ఇన్వర్టర్‌లో వందల వోల్టులు ఉంటాయి, మొబైల్ టవర్ మీద ఉండే ఆంప్లిఫయర్‌లో సిగ్నల్ పక్కకు లీక్ కాకూడదు, ఎల్ఈడీ దీపంలో చిప్‌కీ బయటి బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఉండి తీరాలి. అంటే కరెంటుని ఆపుతూ వేడిని మాత్రం వదిలే పదార్థం కావాలి. ఈ రెండు గుణాలు కలిసి ఉండటం అరుదు, ఎందుకంటే లోహాల్లో కరెంటునీ వేడినీ మోసేవి ఒకే ఎలక్ట్రాన్లు. సిరామిక్స్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉండవు. అక్కడ వేడి పరమాణువుల కంపనాల రూపంలో ఒక పరమాణువు నుంచి పక్క పరమాణువుకి అందుతూ పోతుంది. శాస్త్రవేత్తలు ఈ కంపనాలను ఫోనాన్లు అంటారు. పరమాణువులు తేలికగా ఉండి, వాటి మధ్య బంధాలు గట్టిగా ఉండి, అమరికలో లోపాలు లేకపోతే ఫోనాన్లు దూరం పోతాయి. ఎక్కడ లోపం తగిలితే అక్కడ చెదిరిపోతాయి.

ఉష్ణవాహకతను మీటరుకి, కెల్విన్‌కి ఇన్ని వాట్లు అని కొలుస్తారు. ప్రతిసారీ యూనిట్ రాస్తే చదవడానికి ఇబ్బంది, ఇక్కడి నుంచి అంకెలు మాత్రమే ఇస్తాను. రాగి 400, అల్యూమినియం 237. ఎలక్ట్రానిక్స్‌లో ఎక్కువగా వాడే చవకైన సిరామిక్ అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, దాని విలువ 24 దగ్గర. అల్యూమినియం నైట్రైడ్ 170 నుంచి 200 పైదాకా ఇస్తుంది, ధర మాత్రం అల్యూమినా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బెరీలియా (బెరీలియం ఆక్సైడ్) ఇంకా మెరుగు, కానీ దాని ధూళి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది కాబట్టి వాడకం తగ్గిపోయింది. మామూలు సర్క్యూట్ బోర్డు ప్లాస్టిక్ 0.3, గాలి 0.026. అల్యూమినియం నైట్రైడ్ విలువ కూడా ఊరికే రాదు. దాని స్ఫటికంలోకి కొంచెం ఆక్సిజన్ చొరబడినా ఫోనాన్లు చెదిరిపోయి అంకె పడిపోతుంది, అందుకే పలక కాల్చేటప్పుడు ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) లాంటివి కలిపి ఆ ఆక్సిజన్‌ని పక్కకు లాగుతారు.

ఇప్పుడు గ్రాఫైట్ సంగతి. కార్బన్ పరమాణువులు షడ్భుజాల వలలా అల్లుకుని ఒక పొర, దాని మీద ఇంకో పొర, అలా దొంతరగా ఉంటాయి. పొరలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, బంధం చాలా గట్టిది. పొరకీ పొరకీ మధ్య దూరం 0.335 నానోమీటర్లు, అక్కడ పట్టు చాలా బలహీనం. పొర వెంబడి వేడి ప్రయాణిస్తే విలువ 1,500 దాటి, అమరిక బాగా కుదిరిన నమూనాల్లో 1,900 పైకి కూడా పోతుంది. అదే గ్రాఫైట్‌లో పొరలకు అడ్డంగా, అంటే పై నుంచి కిందికి, 5 నుంచి 10 మధ్యలో ఆగిపోతుంది. ఒకే పదార్థంలో దిశ మారగానే విలువ వందల రెట్లు మారిపోతోంది. ప్రకటనల్లో కనిపించేది ఎప్పుడూ మొదటి అంకే.

గ్రాఫైట్ దొంతరలోంచి ఒక్క పొరనే విడిగా తీస్తే దాన్ని గ్రాఫీన్ అంటారు. దాని గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది గ్రాఫైట్ అనగానే ఒక మెట్టు పైకెక్కి గ్రాఫీన్ దగ్గర ఆగుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో అలెగ్జాండర్ బలాండిన్ బృందం 2008లో గాల్లో వేలాడుతున్న ఒకే పొర గ్రాఫీన్‌కి 5,000 దగ్గర విలువ కొలిచింది. ఆ తర్వాత 2010లో ఇంకో బృందం గ్రాఫీన్‌ని సిలికాన్ డయాక్సైడ్ మీద పడుకోబెట్టి కొలిస్తే సుమారు 600 వచ్చింది. కింద ఉన్న ఆధారం తగలగానే పొరలోని కంపనాలు దానిలోకి కారిపోతాయి, చెదిరిపోతాయి. మనం మాట్లాడుతున్నది సిరామిక్ మీద పూత కాబట్టి వేలాడే గ్రాఫీన్ అంకె మనకు పనికిరాదు. వందల, వేల పొరలున్న గ్రాఫైట్‌లో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే కింది కొన్ని పొరలు ఆధారాన్ని తాకినా పైవాటికి దాని సెగ తగలదు.

గుణకారం

పలుచటి స్టీలు పెనం మీద దోసె పోస్తే మంట తగిలిన మధ్యభాగం మాడిపోతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. దళసరి ఇనప పెనం మీద అలా జరగదు. వేడిని పక్కలకు పరచడంలో పదార్థం ఏదన్నది ఎంత ముఖ్యమో దాని మందం కూడా అంతే ముఖ్యం. ఉష్ణవాహకతను మందంతో గుణిస్తే ఆ పలక వేడిని పక్కలకు ఎంత బాగా పరుస్తుందో తెలుస్తుంది. గ్రాఫైట్ పూతల మీద వచ్చే చర్చలో సగం గందరగోళం ఈ గుణకారం చేయకపోవడం వల్లే వస్తోందని నా అభిప్రాయం.

చేసి చూద్దాం. ఎలక్ట్రానిక్స్‌లో వాడే మామూలు అల్యూమినా పలక మందం 0.635 మిల్లీమీటర్లు. 24ని దానితో గుణిస్తే, మీటర్లలో, 0.0152. ఇప్పుడు 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గ్రాఫైట్, విలువ 1,600 అనుకుందాం. గుణిస్తే 0.04. అంటే వెంట్రుక కంటే పలుచగా ఉన్న ఆ పొర, తన కంటే పాతిక రెట్లు మందంగా ఉన్న అల్యూమినా పలక కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ వేడిని పక్కలకు పరుస్తుంది. రెండూ కలిస్తే 0.055.

ఇది డిగ్రీల్లో ఎంతవుతుంది? 5 సెంటీమీటర్ల పలక మధ్యలో 3 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న చిన్న చిప్ ఉందనుకుందాం, అది 2 వాట్ల వేడి పుట్టిస్తోంది, ఆ వేడి పలక అంచుల దాకా పోయి అక్కడ బాడీలోకి దిగాలి. అల్యూమినా ఒక్కటే అయితే చిప్ దగ్గరికీ అంచుకీ మధ్య తేడా సుమారు 44 డిగ్రీలు. పైన చెప్పిన గ్రాఫైట్ పొర కలిపితే 12 డిగ్రీలు. ముప్పై రెండు డిగ్రీల లాభం, అదీ పలక మందం పెంచకుండా, ఫ్యాన్ పెట్టకుండా.

ఇదే లెక్క అల్యూమినియం నైట్రైడ్ మీద వేయండి. దాని పలక ఒక్కటే 170 గుణించి 0.635 మిల్లీమీటర్లు, 0.108. గ్రాఫైట్ లేకుండానే తేడా 6 డిగ్రీలే. గ్రాఫైట్ వేస్తే నాలుగున్నర. ఒకటిన్నర డిగ్రీ కోసం పూత ఖర్చు, దాని నాణ్యత పరీక్షలు, అది ఊడిపోతుందేమో అన్న టెన్షన్, ఇవన్నీ నెత్తికెత్తుకోవడం దండగ. గ్రాఫైట్ పూత నిజమైన బలం చవకైన అల్యూమినాని ఖరీదైన నైట్రైడ్ దరిదాపులకు తీసుకెళ్లడంలో ఉంది, మంచిదాన్ని ఇంకా మంచి చేయడంలో కాదు.

మరి ఒక మైక్రాన్ మందం ఉన్న పలుచటి పూత అయితే? విలువ 500 అనుకున్నా గుణకారం 0.0005 దగ్గర ఆగుతుంది, అల్యూమినా పలక మోసే దానిలో మూడు శాతం. 44 డిగ్రీలు 43 దగ్గరికి వస్తాయి. ఒకే పొర గ్రాఫీన్‌కి 5,000 అనే అత్యాశ విలువ ఇచ్చినా దాని గుణకారం అల్యూమినా పలకలో తొమ్మిది వేలవ వంతు. గ్రాఫైట్ రేకుల్ని జిగురులో కలిపి పెయింట్‌లా వేసే పూతల్లో రేకులు ఒకదానికొకటి అక్కడక్కడా మాత్రమే తగులుతాయి, మధ్యలో జిగురు అడ్డం. అందుకే వాటి విలువ సాధారణంగా వందల్లో ఉండదు, పదుల్లో ఉంటుంది. 50 మైక్రాన్ల పెయింట్‌కి 30 అనుకుంటే మన చిప్ దగ్గర తేడా 44 నుంచి 40కి దిగుతుంది. లాభం లేదని కాదు, కానీ ప్రకటనలో రాసిన రాగికి నాలుగు రెట్లు అన్న మాటకీ దీనికీ సంబంధం లేదు.

రాగి పక్షాన కూడా మాట్లాడాలి. అల్యూమినా మీద 0.3 మిల్లీమీటర్ల రాగి రేకును సుమారు 1,065 డిగ్రీల దగ్గర నేరుగా అతికించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది, పవర్ మాడ్యూళ్లలో అదే నడుస్తోంది. రాగి, ఆక్సిజన్ కలిసి ఆ వేడి దగ్గర పలుచటి ద్రవంగా మారి సిరామిక్‌ని పట్టుకుంటాయి. 400 గుణించి 0.3 మిల్లీమీటర్లు 0.12, అంటే మన గ్రాఫైట్ పొరకి మూడు రెట్లు. మందం, బరువు సమస్య కాని చోట రాగే గెలుస్తుంది. గ్రాఫైట్ గెలిచేది బరువు దగ్గర. 25 మైక్రాన్ల గ్రాఫైట్ చేసే పని రాగి చేయాలంటే అది 0.1 మిల్లీమీటరు ఉండాలి. 5 సెంటీమీటర్ల చదరపు పలక మీద ఆ రాగి 2.2 గ్రాములు తూగుతుంది, గ్రాఫైట్ ఒక గ్రాములో ఎనిమిదో వంతు. ఫోన్‌లో, డ్రోన్‌లో, ముఖ్యంగా ఉపగ్రహంలో ఈ తేడా చాలా విలువైనది.

ఇంకో సంగతి. పైన వేసిన లెక్కంతా వేడి పక్కలకు పోవాల్సిన చోటే వర్తిస్తుంది. సిరామిక్ పలక వెనక మొత్తం పెద్ద హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) బిగించి ఉంటే వేడి చాలావరకు నిలువుగా కిందికి దిగిపోతుంది, ఆ దారిలో గ్రాఫైట్ విలువ 5 నుంచి 10 మాత్రమే. పూత పలుచన కాబట్టి పెద్దగా అడ్డం పడదు, అలాగని పెద్దగా సాయం కూడా చేయదు. హీట్‌సింక్‌కి చోటు లేని, ఫ్యాన్ పెట్టలేని, మూసి ఉన్న పెట్టెల్లోనే దీని ఉపయోగం. మన దగ్గర రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది, డాబా మీద ఎండలో ఉన్న మూసిన పెట్టె లోపల ఇంకా ఎక్కువ. 25 డిగ్రీల ఏసీ గదిలో పాసైన పరికరానికి అక్కడ ఇరవై, ముప్పై డిగ్రీల వెసులుబాటు ముందే పోయినట్టే. సిలికాన్ చిప్‌కి సాధారణంగా 125 నుంచి 150 డిగ్రీల హద్దు ఉంటుంది కాబట్టి, అలాంటి చోట పైన చూసిన 32 డిగ్రీలు పరికరం బతకడానికీ చావడానికీ మధ్య తేడా కావచ్చు.

గ్రాఫైట్ నల్లగా ఉంటుంది కాబట్టి వేడిని రేడియేషన్‌గా కూడా బాగా వెదజల్లుతుంది అనే వాదన ఉంది. మెరిసే రాగి మీద వేస్తే ఆ మాట నిజమే. అల్యూమినా కంటికి తెల్లగా కనిపించినా పరారుణ కాంతిలో అది కూడా బాగానే వెదజల్లుతుంది, కాబట్టి సిరామిక్ విషయంలో ఈ లాభం నామమాత్రం.

పూత ఎలా వేస్తారు, ఎందుకు అంత కష్టం

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ భాగమే. కార్బన్ అయినంత మాత్రాన గ్రాఫైట్ కాదు. పొరలు ఎంత క్రమంగా పేర్చుకున్నాయన్నదే అంతా. అడ్డదిడ్డంగా ఉన్న కార్బన్ పూత విలువ 1 దగ్గర ఉండొచ్చు, గాజులాంటి కార్బన్ పదిలోపు, క్రమంగా ఉన్నది 1,500 పైన. మూడూ నల్లగానే ఉంటాయి, చూస్తే తేడా తెలియదు.

ఆ క్రమం రావాలంటే వేడి కావాలి, మామూలు వేడి కాదు. డీఎన్ఏ ఎక్స్‌రే చిత్రాలతో మనకు తెలిసిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ అంతకుముందు కార్బన్ మీద లోతుగా పని చేశారు. 1951లో ఆమె ప్రచురించిన పరిశోధనలో కార్బన్లు రెండు రకాలని తేల్చారు. కొన్ని వేడి పెంచే కొద్దీ గ్రాఫైట్‌గా సర్దుకుంటాయి, కొన్ని 3,000 డిగ్రీలకు తీసుకెళ్లినా సర్దుకోవు, ఎందుకంటే మొదట్లోనే అడ్డదిడ్డంగా గట్టిగా ముడిపడిపోయి ఉంటాయి. సర్దుకునే వాటిలో పొరల మధ్య దూరం 0.344 నానోమీటర్ల నుంచి మెల్లమెల్లగా 0.3354కి తగ్గుతుంది. నానోమీటరులో వందో వంతు కూడా లేని సర్దుబాటు, కానీ వేడిని మోసే శక్తి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫోన్లలో వాడే గ్రాఫైట్ షీట్లు ఈ దారిలోనే తయారవుతాయి. పాలీఇమైడ్ అనే పసుపు రంగు ప్లాస్టిక్ ఫిల్మ్‌ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల దాకా కాల్చి కార్బన్‌గా మారుస్తారు, తర్వాత 2,800 నుంచి 3,000 డిగ్రీల కొలిమిలో పెడతారు. ఆ ప్లాస్టిక్ అణువులు ముందే ఫిల్మ్ వెంబడి పడుకుని ఉంటాయి కాబట్టి గ్రాఫైట్ పొరలు కూడా అలాగే పడుకుంటాయి. పానసోనిక్ అమ్మే షీట్లలో 10 మైక్రాన్ల దానికి 1,950, 100 మైక్రాన్ల దానికి 700 అని ఇస్తారు. మందం పెరిగితే విలువ తగ్గుతోంది చూడండి, మందమైన ఫిల్మ్ లోపలి నుంచి గ్యాసులు బయటికి రావడం, పొరలన్నీ క్రమంగా సర్దుకోవడం కష్టం.

అయితే ఆ ఫిల్మ్‌ని సిరామిక్ మీదే వేసి రెండింటినీ కలిపి కాల్చేయొచ్చు కదా? కుదరదు. అల్యూమినా 2,072 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, గ్రాఫైట్ సర్దుకోవడానికి కావలసిన వేడి దాని కంటే ఏడు నుంచి తొమ్మిది వందల డిగ్రీలు పైన ఉంది. కరగడం దాకా కూడా పోనక్కర్లేదు. 1,600 డిగ్రీలు దాటితే కార్బన్ అల్యూమినాలోని ఆక్సిజన్‌ని లాక్కోవడం మొదలుపెడుతుంది. అక్కడ నైట్రోజన్ ఉంటే అల్యూమినా కాస్తా అల్యూమినియం నైట్రైడ్ అయిపోతుంది, పరిశ్రమలో నైట్రైడ్ పొడిని తయారుచేసే ఒక ముఖ్యమైన పద్ధతి ఇదే. అంటే పూత వేయబోతే పలకే మారిపోతుంది.

కాబట్టి పక్కదారులు వెతకాలి. ఒకటి, మీథేన్ లాంటి వాయువుని వెయ్యి డిగ్రీల పైన పలక మీదుగా పంపి విడగొట్టి కార్బన్‌ని పేర్చడం. పూత గట్టిగా పట్టుకుంటుంది, మూలమూలలకీ వెళ్తుంది, కానీ ఆ వేడికి వచ్చే క్రమం అంతంతమాత్రమే. రెండోది నికెల్ సాయం. వేడి నికెల్ కార్బన్‌ని తనలో కరిగించుకుంటుంది, చల్లారేటప్పుడు ఇముడ్చుకోలేక ఉపరితలం మీదికి వదిలేస్తుంది, అలా బయటికొచ్చిన కార్బన్ 900, 1,000 డిగ్రీల దగ్గరే చక్కగా గ్రాఫైట్‌గా పేర్చుకుంటుంది. కాకపోతే ఎదిగే మందం తక్కువ, నికెల్ పొరని ఏం చేయాలన్న సమస్య మిగులుతుంది.

మూడో దారి అన్నిటికంటే పాతది. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1890ల్లో సిలికాన్ కార్బైడ్ తయారుచేస్తూ కొలిమి మరీ వేడెక్కితే ఏమవుతుందో గమనించాడు. సిలికాన్ ఆవిరైపోయి వెనక గ్రాఫైట్ మిగిలింది. 1896లో దాని మీద పేటెంట్ తీసుకున్నాడు. సిరామిక్ తన ఒంట్లోంచే పూతని పుట్టించుకుంటుందన్నమాట. ఇవాళ సిలికాన్ కార్బైడ్ పలక మీద గ్రాఫీన్ పెంచే ప్రయోగశాలలు చేసేది కూడా ఇదే పని, కొలిమి మాత్రం చాలా అదుపులో ఉంటుంది. అలా వచ్చిన పొర కింది పలకతో స్ఫటికం వరుస కూడా కలుపుకుంటుంది. కానీ సిలికాన్ కార్బైడ్ స్వతహాగా మంచి ఉష్ణవాహకం, అదీ కాక అల్యూమినా అంత నమ్మకమైన ఇన్సులేటర్ కాదు, కాబట్టి అవసరం ఎక్కువగా ఉన్న చోట ఈ అందమైన పద్ధతి పనికిరాదు.

మిగిలింది, షీట్‌ని విడిగా చేసి తెచ్చి అతికించడం. ఆచరణలో ఎక్కువమంది చేసేది అదే. ఇక్కడ జిగురు సంగతి తేలికగా తీసుకోకూడదు. 10 మైక్రాన్ల జిగురు, విలువ 0.2 అనుకోండి. ఒక చదరపు సెంటీమీటరు మీద 10 వాట్లు దాటాలంటే ఆ జిగురు దగ్గరే 5 డిగ్రీలు పోతాయి. అదే నేరుగా పెరిగిన పొర, సిరామిక్ హత్తుకుని ఉన్న చోట అడ్డు వేల రెట్లు తక్కువ, అక్కడ పోయేది డిగ్రీలో వందో వంతు కూడా ఉండదు. జిగురులో గాలి బుడగ ఉంటే ఇంకా ఘోరం. కాబట్టి ఎంచుకోవాల్సింది, తక్కువ క్రమంతో గట్టిగా పట్టుకున్న పూతా, ఎక్కువ క్రమంతో జిగురు మీద కూర్చున్న షీటా అన్నది. చిన్న చిప్, ఎక్కువ వాట్లు ఉంటే జిగురు బాధ పెరుగుతుంది. వేడి విశాలంగా పరుచుకునే చోట షీట్ నెగ్గుతుంది.

గట్టిగా పట్టుకున్నా కష్టాలు తీరవు. 5 సెంటీమీటర్ల అల్యూమినా పలక 1,000 డిగ్రీల నుంచి చల్లారితే దాదాపు 0.4 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. గ్రాఫైట్ పొర వెంబడి దాదాపు మారదు, గది వేడి దగ్గరికి వచ్చేసరికి చల్లారుతూనే కాస్త వ్యాకోచిస్తుంది కూడా. కింద నేల కుంచించుకుపోతుంటే పైన పరిచింది ముడతలు పడక ఏం చేస్తుంది? పైగా గ్రాఫైట్ పొరల మధ్య పట్టు బలహీనం కాబట్టి, పూత సిరామిక్ నుంచి ఊడకపోయినా తన పొరల మధ్యే చీలిపోవచ్చు. టేపు అంటించి లాగితే సగం పూత టేపుకి, సగం పలకకి మిగులుతుంది. చిప్ రోజూ వేడెక్కి చల్లారుతూ ఉంటే ఆ చీలిక మెల్లగా పాకుతుంది, బయటికి ఏమీ కనిపించదు, వేడి మాత్రం అక్కడ ఆగిపోతుంది. అందుకే కొత్తగా ఉన్నప్పుడు కొలిచిన అంకె కంటే, వేల సార్లు వేడెక్కించి చల్లార్చిన తర్వాత కొలిచిన అంకెకే నేను విలువిస్తాను.

మన వైపు మట్టిలో కూడా గ్రాఫైట్ ఉంది. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాళ్లలో అది రేకులుగా కనిపిస్తుంది, రాజమండ్రిలో గ్రాఫైట్ మూసలు చేసే పరిశ్రమ ఉంది. లోహం కరిగించే ఆ మూస మట్టి, గ్రాఫైట్ కలిపి చేసినదే, అంటే సిరామిక్‌నీ గ్రాఫైట్‌నీ కలిపి వేడిని లొంగదీయడం అక్కడివారికి కొత్త విద్య కాదు. సహజ గ్రాఫైట్ రేకుల్ని శుద్ధి చేసి, ఆమ్లంలో నానబెట్టి, ఒక్కసారిగా వేడి చేస్తే ఉబ్బి పొంగుతాయి, వాటిని రోలర్ల మధ్య నొక్కితే జిగురు లేకుండానే రేకుగా తయారవుతుంది. దాని విలువ సుమారు 150 నుంచి 500 దాకా ఉంటుంది, పాలీఇమైడ్ షీట్ అంత కాదు, కానీ మూడు వేల డిగ్రీల కొలిమి అక్కర్లేదు, మందంగా కూడా చేసుకోవచ్చు. 100 మైక్రాన్ల రేకు 400 ఇస్తే గుణకారం మళ్లీ 0.04. మన లెక్కలోని ఖరీదైన షీట్ చేసే పనే ఇదీ చేస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ సిరామిక్స్ మీద, పూతల మీద పని చేసే పరిశోధన కేంద్రం కాబట్టి రాయి నుంచి పరికరం దాకా ఉన్న దారిలో మనకు అందుబాటులో ఉన్న మెట్లు తక్కువేమీ కాదు.

కరెంటు సంగతి మరవద్దు

కరెంటుని ఆపడానికి సిరామిక్ తెచ్చుకున్నాం, ఇప్పుడు దాని మీద కరెంటుని చక్కగా మోసే గ్రాఫైట్ పూస్తున్నాం. చిప్ ఉన్న వైపు పూస్తే తీగలన్నీ షార్ట్ అవుతాయి, కాబట్టి అక్కడ పూతని లేజర్‌తోనో ప్లాస్మాతోనో గీసి తీగల చుట్టూ ఖాళీ వదలాలి. ఆ ఖాళీలు సరిగ్గా చిప్ పక్కనే, వేడి ఎక్కువగా దాటాల్సిన చోటే వస్తాయి. వెనక వైపు పూయడం సులువు, వేడి ముందు సిరామిక్ మందాన్ని దాటి రావాలి, 0.635 మిల్లీమీటర్లే కాబట్టి చాలా సందర్భాల్లో అది భరించగలిగిన నష్టమే. అంచుల్లో రాలే గ్రాఫైట్ పొడి మాత్రం ఎక్కడ పడితే అక్కడ షార్ట్ చేస్తుంది, అందుకే షీట్ల అంచులు పాలిమర్ ఫిల్మ్‌తో మూసేస్తారు.

అల్యూమినియం బాడీకి గ్రాఫైట్ తగిలి ఉండి, తేమ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది, రెండూ కలిసి చిన్న బ్యాటరీలా పని చేస్తాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో బయట పెట్టే పరికరాల్లో ఈ రెండింటి మధ్య ఇన్సులేషన్ పొర తప్పనిసరి అని నేనంటాను.

యాంటెన్నా ఉన్న చోట గ్రాఫైట్ అసలు పనికిరాదు, రేడియో తరంగాలను లోహంలాగే అడ్డుకుంటుంది. ఫోన్లో 5జీ యాంటెన్నా మాడ్యూల్ దగ్గర వేడి ఎక్కువ, దాన్ని పరిచే పొర మాత్రం కరెంటుని మోయకూడదు. అక్కడికి షడ్భుజ బోరాన్ నైట్రైడ్ వస్తోంది. గ్రాఫైట్ లాంటి పొరల అమరికే, కార్బన్ స్థానంలో బోరాన్, నైట్రోజన్ పరమాణువులు, రంగు తెలుపు, పొర వెంబడి విలువ మంచి స్ఫటికంలో 400 దగ్గర, కరెంటు మాత్రం పోదు. గ్రాఫైట్‌కి చేసిన గుణకారమే దీనికీ చేయాలి. 1,600 బదులు 400 కాబట్టి అంతే పని చేయడానికి నాలుగు రెట్ల మందం కావాలి, అదీ ఫిల్మ్‌లో రేకులన్నీ పడుకుని ఉంటేనే.